పురుగు చేరని సంచులు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరవాలంటారు. నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది. కానీ నేను పనిచేసిన ప్రాజెక్టు ఈ నెలతో ముగిసిపోతోంది. నా జల్లెడ, సీసాలు, సంచులు అన్నీ తర్వాతి ప్రాజెక్టులో చేరబోయే మీ చేతికి వస్తున్నాయి. "వచ్చే పిల్లలకి నాలుగు మాటలు చెప్పమ్మాయ్" అన్నారు మా మేడం. నాకు రోజూ డైరీ రాసే అలవాటు ఉంది గానీ మాట్లాడే అలవాటు లేదు. మీ ముందు నిలబడితే రెండో వాక్యానికే నోరు ఎండిపోతుంది. అందుకని రాసి ఇస్తున్నాను. సంచుల గురించి చెబుతాను. మిగతావన్నీ మేడం చెబుతారు.

మనం పనిచేసే అడవి మీరు చూసే ఉంటారు. నెల్లూరికి తూర్పున, సముద్రం కనపడకపోయినా వినపడేంత దూరంలో, ఇసుక మీద లేచిన పొట్టి అడవి. పాల, బలుసు, కలే, నేరేడు, మధ్యలో ఈత పొదలు. ఉప్పు గాలికి చెట్లన్నీ ఒకే పక్కకి దువ్వినట్టు ఒరిగి ఉంటాయి. నేను చేరక ముందు నుంచే మేడం ఇక్కడ ఆకుచెత్తలో బతికే పురుగులను లెక్కపెడుతున్నారు. చేరిన కొత్తలో నా పని మీద మా వీధివాళ్లకి ఉన్నంత గౌరవమే నాకూ ఉండేది. "డిగ్రీ చదివి చీమలు లెక్కపెడతా ఉండాదంట" అనేవాళ్లు. అది నిజమే కాబట్టి నేనేమీ అనేదాన్ని కాదు.

నేను చేరిన వేసవిలోనే అడవి అంటుకుంది. పడమటి గాలి కొడుతున్న మధ్యాహ్నం, రోడ్డు పక్క ఎండుగడ్డిలో మొదలైన మంట సాయంత్రానికి సముద్రం వైపు అడవిలో ఒక పెద్ద ముక్కను తినేసింది. ఎవరు అంటించారో ఇప్పటికీ తెలియదు. మంట చల్లారాక మేము ముగ్గురం వెళ్లి చూశాం. మేడం, నేను, మా జీపు నడిపే అన్న. అన్నది తడ దగ్గర ఊరు. నోట్లో ఎప్పుడూ ఒక జోకు, లేకపోతే ఒక అరవ పాట ఉంటుంది. ఆ రోజు రెండూ లేవు. మేడం మాత్రం బూడిదలో చెప్పు కాలితో గీత గీసి, "ఇక్కణ్ణుంచి మొదలుపెడదాం" అన్నారు.

ఆమె మొదలుపెడదామన్నది ఇదీ. కాలిన అడవిలోకి పురుగులు ఎప్పుడు తిరిగొస్తాయి, ఏవి ముందొస్తాయి, ఏవి ఆఖరికొస్తాయి. పక్కనే కాలని అడవి ఉంది కాబట్టి రెంటినీ పోల్చి చూడొచ్చు. పనిచేసే పద్ధతి తేలిక. నేల మీది ఆకుచెత్తను ఎత్తి, జల్లెడ పట్టి, వల గుడ్డలో పోసి, పొడవాటి గుడ్డసంచిలో వేలాడదీస్తాం. ఆ సంచి పైన వెడల్పు, కింద సన్నటి గొంతు. గొంతుకి స్పిరిట్ పోసిన గిన్నె కడతాం. ఆకుచెత్త ఆరేకొద్దీ అందులోని ప్రాణులు తడి వెతుక్కుంటూ కిందికి దిగి గిన్నెలో పడతాయి. రెండు మూడు రోజులు ఓపిక పడితే చాలు.

సంచులే చాల్లేదు. ఉన్నవి కాలని అడవికే సరిపోయేవి. పైగా కాలిన చోటి మసి అంటితే పాత సంచులు పాడవుతాయని మేడం భయం. కొత్తవి తెప్పించాలంటే నెలలు పడుతుంది.

"మన పాప వాళ్ల నాయన పరుపులు కుడతాడు గదా మేడం. పరుపు కుట్టే మనిషికి సంచి ఒక లెక్కా?" అన్నాడు అన్న.

మాది దూదేకుల ఇల్లు. వెంకటాచలంలో, హైవే పక్కన మా నాయన కొట్టు. పరుపులు, దిండ్లు, బొంతలు. ముందు గదిలో దూది ఏకే మిషను, వెనక గదిలో మేము. నా పుస్తకాలు దిండ్ల అర వెనక ఉండేవి. ఒకసారి పొరపాటున దిండులో కూడా వెళ్లిపోయింది ఒకటి. దాన్ని కొన్న ఆయన తెచ్చిచ్చి, "తల కింద గట్టిగా ఉంటే వయసు మీద పడిందనుకున్నా" అన్నాడు.

నాయన సంచులు కుట్టి ఇచ్చాడు. మందపాటి పరుపు గుడ్డ, రెండు వరసల కుట్టు, గొంతు దగ్గర వెడల్పాటి మడత. మేడం వేళ్లతో తడిమి చూసి, "ఇంత బాగా కుట్టినవి నేను బయటి దేశాల్లో కూడా చూడలేదు" అన్నారు. ఆ మాట ఇంటికెళ్లి చెబితే నాయన మిషను ఆపి, మళ్లీ చెప్పించుకున్నాడు.

షెడ్డులో సంచులు వేలాడదీసినప్పుడు అన్న ముక్కు ఎగబీల్చి, "ఏంది పాపా, ఆయుర్వేదం అంగట్లో నిలబడినట్టుండాది" అన్నాడు. నాకు ఏ వాసనా రాలేదు. పైగా మంట తర్వాత మేము ముట్టుకున్నదల్లా మసి కంపే. "జీపు కడుక్కో అన్నా" అన్నాను. నేను అంత మాట అనడమే విశేషమని అన్న నవ్వేశాడు.

మొదటిసారి కాలిన చోటి గిన్నెలు దాదాపు ఖాళీగా వచ్చాయి. ఎవరం ఆశ్చర్యపోలేదు. బూడిదలో ఏముంటుంది? తర్వాత చెట్ల మీద వాడిన ఆకులు రాలాయి. నల్లటి నేల మీద ఎర్రటి ఆకు పరుచుకుంది. ఆ ఆకూ తెచ్చాం. ఖాళీ. ఒకటి రెండు వానలు పడ్డాయి. బలుసు మోళ్ల మొదట్లో పచ్చటి పిలకలు లేచాయి. అయినా గిన్నెలు ఖాళీ. కాలని చోటి గిన్నెలేమో ఎప్పటిలాగే చిక్కగా, నల్లగా. మేడం ప్రతిసారీ కళ్లద్దాలు పైకి నెట్టి చూసేవారు. "నేల లోతుగా కాలిపోయినట్టుంది" అనేవారు.

సరిగ్గా అప్పుడే ఫారెస్టు రేంజరు గారు వచ్చారు. మంచివారే. మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడే రకం. ఆయన తొందర ఆయనది. ఈ తీరంలో అసలు వానలు దసరా దాటాకే గదా. ఆ లోపు కాలిన నేలను చదును చేసి సరుగుడు నాటాలని ఆయనకి పైనుంచి మాట వచ్చింది.

"నారు నర్సరీలో ఎండిపోతా ఉండాది మేడం గారూ. ఈ అడివి మళ్లీ లేస్తుందంటే చెప్పండి, నేను ఆపిస్తా. లేదంటే మోళ్లు పెరికించి సరుగుడేస్తా. మీరు శాస్త్రం చదివినోళ్లు, మీ మాటే రాసి పంపుతా."

మేడం అబద్ధం చెప్పే మనిషి కాదు. "మా గిన్నెల్లో అయితే ఏమీ పడట్లేదండీ" అన్నారు.

"అయితే సోమవారం జేసీబీ మిషను పిలిపిస్తా" అన్నారు రేంజరు గారు. ఆయనకీ సంతోషంగా ఏమీ లేదు.

మోళ్లు పెరికితే సంగతి ముగిసినట్టే. కాలిన పాల చెట్టు చచ్చినట్టు కనపడుతుంది గానీ వేరు బతికే ఉంటుంది. పెరికేశాక ఇంకేం లేస్తుంది? సరుగుడు ఆకు కింద మరో మొక్క మొలవడమే కష్టం. మర్నాడు మేడం మాట ప్రకారం ఆఖరిసారి ఆకుచెత్త ఎత్తడానికి కాలిన అడవిలో కూర్చున్నాను. కూర్చున్నానో లేదో గండుచీమ ఒకటి మడమ మీద పట్టుకుంది. దులుపుకున్నాను. ఇంకోటి. లేచి చూస్తే సగం కాలిన దుంగ పక్కనుంచి చీమల బారు నా చెప్పుల మీదుగా పోతోంది. దుంగ మీద సన్నటి పొడి, పురుగు తొలిచిన కన్నాలు. పాల మోడులో ఓ నల్ల తుమ్మెద గుండ్రటి బొరియ చేసుకుని లోపల గొణుగుతోంది. బలుసు పిలకల మీద గొంగళిపురుగులు అంచుల్నించి కొరుక్కుతింటున్నాయి.

కాలు గోక్కుంటూ మేడం దగ్గరికి వెళ్లాను. ఇంత మాట చెప్పడానికి నాకు దారంతా పట్టింది.

"మేడం, చీమలు ఉన్నాయి. నన్ను కుట్టాయి."

"నీ కాలు లెక్కలోకి రాదమ్మాయ్" అన్నారు మేడం. కానీ వంగి నా మడమ చూశారు. దద్దురు వైపు చూసి, అడవి వైపు చూసి, "మరి గిన్నెలోకి ఎందుకు దిగట్లేదు ఇవి?" అని తనలో తాను అనుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి సంగం నుంచి ఓ రైతు ఇంటామె వచ్చి ఉంది. అత్తకి నడుం నొప్పట, గట్టి పరుపు కావాలట. బేరం అయిపోయింది. లేవబోతూ ఆమె అడిగింది.

"నల్లులు పట్టవు గదా భాయ్? పోయినసారి వేరే చోట కొంటే ఆరు నెలలకే పట్టినాయి."

నాయన ఇలాంటి ప్రశ్న కోసమే బతుకుతాడు. "నల్లా? నేను కుట్టిన పరుపు మీద నల్లి కాదమ్మా, చీమ కూడా అంచు దాటదు. కుట్టు మడతలో వస, వేపాకు దంచిన పొడి పెడతా. మా తాత కాలం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఇన్నేళ్లలో ఒక్కరు వెనక్కి తెచ్చినారేమో అడుగు ఈ వీధిలో."

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. చీమ కూడా అంచు దాటదు. పుట్టినప్పటి నుంచి ఆ పొడి వాసనలోనే పడుకున్నాను. అది నాకు ఒక వాసనే కాదు, మా ఇల్లు. అన్న ముక్కుకి తెలిసింది నా ముక్కుకి తెలియకపోవడంలో వింతేముంది?

ఆమె వెళ్లాక అడిగాను. "నాయనా, మా ఆఫీసు సంచులకి కూడా పెట్టినావా పొడి?"

"పెట్టకుండా ఎట్టా ఇస్తా పాపా? కూతురు పనిచేసే చోటికి గదా. రెండింతలు పెట్టినా."

మేడంకి ఫోన్ చేసి, మోగే లోపు కట్ చేశాను. మళ్లీ చేసి మళ్లీ కట్ చేశాను. చివరికి మెసేజి రాశాను. వెంటనే ఆమే చేశారు. నేను చెప్పిందంతా విన్నారు. అవతల మొదలైంది నవ్వు. దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"పురుగుల కోసం కట్టిన ఇంటికి పురుగుల మందు వాకిలి పెట్టాడా మీ నాన్న!" అన్నారు. ఆ వెంటనే గొంతు మారిపోయింది. "రేపు పొద్దున్నే వచ్చెయ్. పాత సంచి ఒకటి ఖాళీ చేస్తాను. ఒకే చోటి ఆకు, సగం అందులో, సగం మీ నాన్న సంచిలో. చూద్దాం. అది ఒక్కటే చాలదు గానీ. ఒక్క సంచి మాట ఎవరు నమ్ముతారు? కాలిన అడవి నాలుగు మూలల నుంచీ తేవాలి. దానికి సంచులు కావాలి. పొడి లేనివి."

అంటే మళ్లీ నాయన దగ్గరికే వెళ్లాలి. సంగతి చెప్పాను. మిషను తొక్కుతున్నవాడు ఆపలేదు. దారం తెగేదాకా తొక్కి, అప్పుడు తలెత్తాడు.

"మీ మేడం నా పని బాలేదనిందా?"

"బాగుండబట్టే నాయనా ఈ తంటా."

"పురుగు చేరని పరుపు అని పేరు తెచ్చుకున్నా. ఇప్పుడు నా చేత్తో పురుక్కి వాకిలి తీసిపెట్టమంటావా?"

పుస్తకాల్లో చదివిన గొప్ప మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. మడమ మీది దద్దురు చూపించాను. "ఇవి ఉండాయి నాయనా ఆడ. ఉండాయని మేము చూపించలేకపోతే సోమవారం అడివంతా పెరికేస్తారు."

నాయన ఆ దద్దురు చూశాడు. వెనక గదిలోంచి అమ్మ అంది, "కుట్టియ్యవయ్యా. బిడ్డని కుట్టిన చీమకి నువ్వు కుట్టిస్తే తప్పేంది?"

ఇక ఆ తర్వాత నాయన చేసిన పని మీకు చెప్పాలి. మీరు ఆ సంచుల్ని ముట్టుకునేటప్పుడు గుర్తుండాలని. కొట్లో ప్రతి దానికీ పొడి అంటి ఉంటుందన్నాడు. కత్తెర, దారపు ఉండ, మిషను బల్ల, తన గోళ్లు కూడా. మిషనుని మిద్దె మీదికి మోయించాడు. సబ్బు నీళ్లతో తుడిపించాడు. కత్తెర కొత్తది కొన్నాడు. నమాజుకు ముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. గుడ్డని రెండుసార్లు ఉతికించి ఎండలో ఆరబెట్టించాడు.

"ఈ పురుగుకి కావాల్సింది ఏందో చెప్పు. మనిషికైతే నడుం చూసి కుడతా."

"కిందికి దిగేటప్పుడు కాలు ఎక్కడా తట్టుకోకూడదు నాయనా. కొన్ని ఆవగింజలో సగం కూడా ఉండవు."

ఆయన కాసేపు గుడ్డని తిప్పి చూశాడు. కుట్టు లోపలికి రాకుండా బయటికి తిప్పాడు. గొంతు దగ్గర మడతే లేకుండా గుడ్డని ఏటవాలుగా కోశాడు. ఇప్పుడు మీరు వాడబోయేది ఆ కోతే. పాత సంచుల్లో కుట్టు దగ్గర ఎన్ని నలుసంత పురుగులు ఆగిపోయేవో ఇవి వచ్చాకే మాకు తెలిసింది.

ఈలోపు మేడం పెట్టిన పరీక్ష తేలింది. ఒకే ఆకు. పాత సంచి గిన్నెలో చీమలు, పేడపురుగుల చిన్నతమ్ముళ్లలాంటి పెంకు పురుగులు, గెంతే నలుసులు. నాయన మొదటి సంచి గిన్నెలో తేటగా స్పిరిట్ మాత్రమే. ఆ సంచిలోని ఆకుని తెల్ల కాగితం మీద దులిపితే కాళ్లు ముడుచుకున్న పురుగులు రాలాయి. వేసవి నుంచీ కాలిన చోట చేసిన లెక్కలన్నీ మేడం అక్కడికక్కడే కొట్టేశారు. ఒక్క నిట్టూర్పు కూడా లేదు. "తప్పు లెక్క తెలిసిపోయింది కదా, అది చాలు" అన్నారు.

కొత్త సంచులు కట్టాం. ఈసారి గిన్నెల్లో స్పిరిట్ పోయొద్దన్నారు మేడం. సోమవారం రేంజరు గారికి బతికున్నవే చూపించాలి. గిన్నె అడుగున తడి దూది పెడదామన్నారు. దూది ఎవరి దగ్గర దొరుకుతుందో మీకు చెప్పక్కర్లేదు. "బూరుగు దూది పెట్టు, మెత్తగుంటది" అని నాయన పొడి తగలని కొత్త మూట విప్పి, స్వయంగా ఉండలు చేసి ఇచ్చాడు.

సోమవారం పొద్దున జేసీబీ వచ్చి నిలబడింది. రేంజరు గారు, ఇద్దరు గార్డులు, మిషను తోలే అతను, మేము ముగ్గురం. అన్న జీపు బానెట్ మీద తెల్ల పళ్లెం పెట్టాడు. నేను ఒక్కో గిన్నె విప్పి దూదిని పళ్లెంలో విదిలించాను. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత తెల్లటి దూదిలోంచి ఒక చీమ తల పెట్టింది. దాని వెనక ఇంకోటి. మెరిసే నల్ల పెంకు పురుగు ఒకటి వెల్లకిలా పడి, తిప్పుకుని, పళ్లెం అంచు దాకా పరుగెత్తింది. నలుసులు పేలాల్లా ఎగిరాయి. నాలుగు మూలల గిన్నెలూ అంతే.

"అబ్బా, కదులుతా ఉండాదే అంతా!" అన్నాడు మిషను తోలే అతను.

రేంజరు గారు వంగి చాలాసేపు చూశారు. "మరి ఇన్నాళ్లూ ఖాళీ గిన్నెలు ఎందుకొచ్చినాయి మేడం గారూ? రేపు నన్ను ఎవరన్నా అడిగితే నేనేం చెప్పాల?"

మేడం నా వైపు తిరిగారు. అందరూ తిరిగారు. మిషను తోలే అతను కూడా. నాకు నాయన మొహం గుర్తొచ్చింది. దారం తెగేదాకా తొక్కిన మొహం. వీళ్లు నవ్వితే ఎలా?

"మా నాయన కుట్టినదాంట్లోకి పురుగు రాదు సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పరుపులు కుడతాడు. కుట్టు మడతలో వస పొడి పెడతాడు. మొదటి సంచులకీ అట్నే పెట్టినాడు. అది ఆయన పనితనం. మాకు కావాల్సింది దానికి ఎదురు పని. ఈ సంచులు కూడా ఆయనే కుట్టినాడు సార్. చూడండి."

ఎవరూ నవ్వలేదు. అన్న మాత్రం నా వైపు చూసి, "మాటలొచ్చినాయే పాపకి" అన్నాడు మెల్లగా.

అప్పుడు మేడం ఉన్నదున్నట్టు చెప్పారు. ఇది పాత అడవి కాదు, మొదలు మాత్రమే. ఇసుకలో లోతుగా గూళ్లున్న చీమలు చావలేదు, అవే ముందు బయటికొచ్చాయి. ఎండిన చెక్క వాసనకి తొలిచే పురుగులు వచ్చాయి. చిగురుకి గొంగళిపురుగులు వచ్చాయి. వాటి కోసం గొల్లభామలు, పిట్టలు వస్తాయి. నీడలోనే బతికేవి ఉన్నాయి, అవి ఇంకా రాలేదు. ఆకు రాలి, పేరుకుని, చల్లబడితే వస్తాయి. మోళ్లు ఉంటేనే ఆకు.

"నా నారు ఏం చేయమంటారు మరి?" అన్నారు రేంజరు గారు. కానీ అప్పటికే ఆయన సముద్రం వైపు చూస్తున్నారు. ఇసుక దిబ్బల మీద ముందు నుంచీ ఏ చెట్టూ లేని బోసి నేల ఉంది. సరుగుడు అక్కడికి వెళ్లింది. మిషను వచ్చిన దారినే తిరిగి పోయింది. వెళ్లేముందు రేంజరు గారు నన్ను పక్కకి పిలిచారు. ఏదో అడుగుతారనుకుని భయపడ్డాను.

"మా క్వార్టర్స్‌లో నల్లులమ్మా. మీ నాయన దగ్గర రెండు పరుపులు చెప్పు. ఆ మొదటి రకం."

ఆ మాట కూడా నాయన రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు మీరు ఆ కాలిన ముక్కలోకి వెళితే బలుసు మీ భుజం దాటి ఉంటుంది. పాల చెట్ల కింద ఆకులోకి మెత్తగా కాలు దిగుతుంది. ఆ నల్ల తుమ్మెద బొరియ ఇంకా ఉంది, చెయ్యి పెట్టకండి. మీ గిన్నెలు ఎప్పుడైనా ఖాళీగా వస్తే అడవిని అనేముందు మీ సంచిని వాసన చూడండి. మీకు రాకపోతే ఇంకొకరి ముక్కుకి ఇవ్వండి. నేను ఇక్కడ నేర్చుకున్నదాంట్లో మీకు పనికొచ్చేది బహుశా అదే.

పోయిన వారం సంచులన్నీ మీకు అప్పగించే ముందు ఇంటికి తీసుకెళ్లాను, చిరుగులుంటే నాయన చూస్తానన్నాడని. మిద్దె మీద కూర్చుని ఒక్కోటి వెనక్కి తిప్పి కుట్టు తడుముతున్నాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచాడు. ఆయన బొటనవేలి గోరు మీద చీమ. చిన్నది, ఎర్రమట్టి రంగు, నిద్రలో నడిచినట్టు నెమ్మదిగా కదులుతోంది. నీడలో, ఆకు కిందే బతికే రకం. మేడం ఇన్నాళ్లు కాలిన చోట వెతికింది దాని కోసమే. సంచి మీద కట్టిన చీటీ చూశాను. కాలిన ముక్కదే.

ఆ గోరుతో మా నాయన జీవితంలో ఎన్ని పురుగుల్ని నలిపి ఉంటాడో లెక్క లేదు. చెయ్యి కదలకుండా పట్టుకుని అడిగాడు.

"ఇది మన వీధిదా, మీ అడివిదా?"

"అడివిదే నాయనా."

"రేపు పోతావు గదా. ఆడ దింపేసి రా" అని, ఇంకో చేత్తో తడి దూది కోసం వెతుక్కున్నాడు.